కిడ్నీ మార్పిడి తర్వాత ఆగని విరేచనాలు: యాంటీబయాటిక్ కంటే ముందు రక్తపరీక్ష

ప్రశ్న: మా వారి వయసు 46. రెండేళ్ల కిందట కిడ్నీ మార్పిడి జరిగింది. కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా ఇమ్యూనిటీని అణిచే టాక్రోలిమస్, మైకోఫెనొలేట్ వాడుతున్నారు. మూడు వారాలుగా నీళ్ల విరేచనాలు. నాలుగు కిలోలు తగ్గారు. మందుల షాపులో అడిగి ఆఫ్లాక్సాసిన్, మెట్రోనిడజోల్ రెండు కోర్సులు వేశాం. రెండు రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ మొదలవుతోంది. మల పరీక్ష నార్మల్ అన్నారు. నీరసానికి గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. ఇంతకంటే పవర్ ఉన్న యాంటీబయాటిక్ ఏదైనా చెప్పగలరా? - ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది విరేచనాలు కాదు, ఆ చెయ్యి వణుకు. నీరసం అని మీరు సరిపెట్టుకున్నారు. కావచ్చు కూడా. కానీ విరేచనాలతో పేగు లోపలి పొర దెబ్బతింటే టాక్రోలిమస్ మామూలు కంటే ఎక్కువగా రక్తంలోకి చేరుతుంది. వేసుకునే డోసు మారకపోయినా లెవెల్ పెరిగిపోతుంది. వణుకు దానికి ఒక గుర్తు. పెరిగిన మందు, ఒంట్లో నీరు తగ్గడం రెండూ కలిస్తే మార్పిడి చేసిన కిడ్నీకే దెబ్బ. అందుకే టాక్రోలిమస్ లెవెల్, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు వెంటనే చేయించండి. లెవెల్ కోసం ఉదయం మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. అలాగని ఆ మాత్రను మీరే ఆపేయకండి, తగ్గించకండి. అది ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరు తేల్చాల్సిన విషయం.

ఇక ఇన్ఫెక్షన్ సంగతి. రోగనిరోధక శక్తి తగ్గినవారికి ఇన్ని రోజులు విరేచనాలు ఆగకపోతే క్రిప్టోస్పోరిడియం, సిస్టోఐసోస్పోరా, మైక్రోస్పోరిడియా వంటి పరాన్నజీవుల కోసం పనిగట్టుకుని వెతకాలి. మామూలు మల పరీక్షలో ఇవి దొరక్కపోవచ్చు. క్రిప్టోస్పోరిడియం సైజు 4 నుంచి 6 మైక్రాన్లే, ఎర్ర రక్తకణం కంటే చిన్నది. మాడిఫైడ్ యాసిడ్ ఫాస్ట్ అనే రంగు వేస్తే నీలి స్లైడు మీద గులాబీ చుక్కల్లా కనిపిస్తుంది. ఆ రంగు వేయమని ల్యాబ్‌కు ప్రత్యేకంగా చెప్పాలి, లేదా ఆ జీవి ప్రొటీన్లను పట్టే యాంటిజెన్ పరీక్ష, దాని జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్ష అడగాలి. ఒక్క శాంపిల్‌తో తేలకపోతే వేర్వేరు రోజుల్లో మూడు ఇవ్వండి. మైకోఫెనొలేట్ వల్ల కూడా విరేచనాలు అవుతాయి. ఇమ్యూనిటీ తగ్గినవారిలో పేగును దెబ్బతీసే సీఎంవీ (సైటోమెగలో) వైరస్‌నూ మరిచిపోకూడదు.

మీరు వాడిన మెట్రోనిడజోల్ క్రిప్టోస్పోరిడియంపై పనిచేయదు. పైగా టాక్రోలిమస్ లెవెల్‌ను పెంచవచ్చు. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లైతే ఇంకా బాగా పెంచుతాయి. పరీక్ష లేకుండా రెండు కోర్సులు వేయడం నాకు నచ్చలేదమ్మా, మనసులో పెట్టుకోకండి. మంచి బ్యాక్టీరియా పోయి, క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియాతో మరో విరేచనాల జబ్బు మొదలయ్యే ప్రమాదం ఉంది. ఇప్పుడు దాని పరీక్ష కూడా చేయించాలి. కిడ్నీ మార్పిడి జరిగిన మనిషికి షాపులో అడిగి వేయదగ్గ విరేచనాల మాత్ర అంటూ ఏదీ లేదు. మామూలు మనిషికి సర్దుకుపోయేది కూడా ఆయనకు సర్దుకోకపోవచ్చు.

మీరు అడిగిన 'పవర్' దగ్గరికి వస్తే, ఏ జీవో తెలిస్తేనే మందు. సిస్టోఐసోస్పోరా అయితే కోట్రైమోక్సజోల్ అనే పాత యాంటీబయాటిక్ చక్కగా పనిచేస్తుంది. అదే క్రియాటినిన్, పొటాషియం పెంచగలదు కాబట్టి రక్తపరీక్షలు చూసుకుంటూ వాడాలి. క్రిప్టోస్పోరిడియం అయితే నిటాజోక్సనైడ్ ఇస్తాం, కొన్నిసార్లు అజిత్రోమైసిన్ కలుపుతాం. ఇమ్యూనిటీ బాగా తగ్గినవారిలో వీటి ఫలితం అంతంతమాత్రమే. ఇమ్యూనిటీని అణిచే మందుల డోసు జాగ్రత్తగా తగ్గిస్తేనే చాలామందిలో జబ్బు దారికి వస్తుంది. హెచ్‌ఐవీ ఉన్నవారికైతే ఆ వైరస్‌ను అణిచే ఏఆర్‌టీ మందులు సరిగ్గా వాడడమే అసలు చికిత్స. ఆయన్ను చూడకుండా ఇంతకు మించి డోసులు రాయలేను.

ఈలోగా ఓఆర్‌ఎస్ తాగిస్తూ ఉండండి. విరేచనాలు బిగించే లోపరమైడ్ డాక్టరు చెప్పకుండా వద్దు. నీళ్లు తెర్లాక ఇంకో నిమిషం మరిగించి చల్లార్చి ఇవ్వండి, క్రిప్టోస్పోరిడియం క్లోరిన్‌కు లొంగదు. జ్వరం, మలంలో రక్తం, లేస్తే కళ్లు తిరగడం, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏవీ లేకపోయినా రేపటికల్లా ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరుకు చూపించండి. ఇప్పటిదాకా వేసిన మాత్రల ఖాళీ షీట్లు కూడా వెంట తీసుకెళ్లండి.