సముద్రపు నీటిలో వేలిముద్రలు: పరిశోధన మొదలుపెట్టబోయే అమ్మాయికి

చిరంజీవి లహరికి పెదనాన్న ఆశీస్సులు.

బీఎస్సీ చివరి ఏడాదిలో ఫోరెన్సిక్ పరిశోధన ఒకటి సొంతంగా చేయాలనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. అయితే నువ్వు రాసి పంపిన ‘నేర దర్యాప్తులో వేలిముద్రల పాత్ర’ ఒక గ్రంథానికి సరిపోయే విషయమే కానీ, ఒక విద్యార్థిని ఆరు నెలల్లో తేల్చగలిగే ప్రశ్న కాదు. కళాశాల ప్రయోగశాలలో ఉన్న సామగ్రితో, కొలిచి జవాబు చెప్పగలిగిన చిన్న ప్రశ్నను ఎంచుకో.

విశాఖలో ఉన్నదానివి కాబట్టి నాకు తోచినది చెబుతాను. గాజు వస్తువును నీటిలో పడేస్తే దానిమీది వేలిముద్ర ఎన్నాళ్లు నిలుస్తుంది, ఉప్పునీటిలో ఒకలా, మంచినీటిలో మరోలా ఉంటుందా అన్నది తీరప్రాంతపు దర్యాప్తులో నిజంగా ఎదురయ్యే ప్రశ్న. చెమటలోని లవణాలు, అమైనో ఆమ్లాలు నీటిలో కరిగిపోతాయి. ముఖాన్నో జుట్టునో తాకినప్పుడు వేళ్లకు అంటుకునే జిడ్డు మాత్రం కొంతకాలం ఉంటుంది. అందుకే కాగితం మీది ముద్రలకు వాడే నిన్‌హైడ్రిన్ అనే రసాయనం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే అది పట్టుకునేది అమైనో ఆమ్లాలనే. డిటర్జెంట్ నీటిలో మాలిబ్డినం డైసల్ఫైడ్ సన్నని పొడిని కలిపి చేసే స్మాల్ పార్టికల్ రియేజెంట్ జిడ్డుకు అంటుకుంటుంది కాబట్టి, తడిసిన వస్తువులకు దాన్ని వాడతారు.

రుషికొండ దగ్గర సముద్రపు నీరు, ముడసర్లోవ జలాశయం నీరు తెచ్చి ప్రయోగశాలలోనే తొట్లలో ఉంచు. ముద్రలు వేసిన గాజు పలకలను, అంటే స్లైడ్లను, సముద్రంలోనే ముంచితే సహజంగా ఉంటుందనిపిస్తుంది కానీ, అలల తాకిడి, ఇసుక రాపిడి కూడా తోడై, తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేకపోతావు. రెండు స్లైడ్లను అంచులు కలిపి పెట్టి, ఆ అతుకు ముద్ర మధ్యగా వచ్చేలా వేలు నొక్కించు; ఒక సగం ఉప్పునీటికి, రెండో సగం మంచినీటికి వెళితే, ఒకే ముద్ర రెండు పరీక్షలకూ నిలబడుతుంది. స్లైడ్లను తూకపు యంత్రం మీద ఉంచి, ప్రతిసారీ అదే అంకె వచ్చేదాకా నొక్కిస్తే ఒత్తిడిలో తేడా రాదు. గంట, ఒక రోజు, 3 రోజులు, 7 రోజులు అనే నాలుగు వ్యవధులు చాలు. నీటిలో ముంచని స్లైడ్ల జత ఒకటి ప్రతి వ్యవధికీ తప్పక ఉండాలి. ఉప్పునీటి స్లైడ్లు అలాగే ఆరితే ఉప్పు స్ఫటికాలు రేఖలను కప్పేస్తాయి కాబట్టి ముందు డిస్టిల్డ్ వాటర్‌తో మెల్లగా కడగాలి, మంచినీటి స్లైడ్లనూ అంతే కడగాలి.

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ముద్రల నాణ్యతకు మార్కులు వేసే పద్ధతి గురించి. బ్రిటన్ హోం ఆఫీసు ప్రయోగాలలో వాడిన 0 (ముద్ర జాడే లేదు) నుంచి 4 (రేఖలన్నీ స్పష్టం) వరకు ఉండే కొలమానాన్ని తీసుకో, కానీ ఏ స్లైడు ఏ తొట్టిలోదో నీకు తెలియకూడదు. స్నేహితురాలి చేత సంకేత సంఖ్యలు వేయించి, ఆ పట్టికను మార్కులన్నీ వేసేదాకా ఆమె దగ్గరే ఉంచు. 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్ల కేసులో దొరికిన ముద్ర ఒరెగాన్‌లోని ఒక న్యాయవాదిదని అమెరికా ఎఫ్‌బీఐలోని అనుభవజ్ఞులైన పరీక్షకులే తేల్చారు, ఆయన నిర్బంధంలోకి వెళ్లారు, చివరికి స్పెయిన్ పోలీసులు ఆ ముద్ర వేరొకరిదని చూపించారు. మొదటి అభిప్రాయం ఏర్పడ్డాక కన్ను దానికి అనుకూలమైన పోలికలనే వెతుకుతుందమ్మా. ఎంత చదివినా, ఎంత నిజాయితీ ఉన్నా ఇది తప్పదు, అందుకే పద్ధతిలోనే దానికి అడ్డుకట్ట ఉండాలి.

ముద్రలిచ్చేవారి నుంచి లిఖితపూర్వక అంగీకారం తీసుకో. వేలిముద్ర మార్చుకోలేని గుర్తింపు. పేర్లకు బదులు సంకేతాలు వాడి, పని అయ్యాక స్లైడ్లను, ఫోటోలను ఎప్పుడు నాశనం చేస్తావో ముందే రాసి ఇవ్వు. కేసుల నమూనాల కోసం పోలీసులను అడగవద్దు, ఈ ప్రశ్నకు వాటి అవసరం లేదు.

రెండు నీళ్లకూ తేడా ఏమీ కనిపించకపోతే, అదే రాయి. దాన్ని అపజయమనుకుని మళ్లీ మళ్లీ మార్కులు వేసి తేడా పుట్టించవద్దు.

ముందుగా ఎథిక్స్ కమిటీకి పెట్టే దరఖాస్తు ముసాయిదా, ప్రయోగ ప్రణాళిక ఒక పేజీలో రాసి పంపు. స్లైడ్లు కొనకముందే చూసి, నా సూచనలతో తిరిగి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న