ఏ లోకం గొప్పదో తేల్చే ముందు

తిరుపతి

చిరంజీవి చిన్నోడికి,

పెదనాయన ఆశీస్సులు. మీ కాలేజీ సైన్స్ క్లబ్బులో అంతరిక్ష కథల్లో స్టార్ వార్స్ లోకం గొప్పదా, స్టార్ ట్రెక్ లోకం గొప్పదా అని వాదన పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. పెట్టు. కానీ మైకు చేతికిచ్చి వదిలేశావంటే అది సినిమా రిలీజు రోజు థియేటరు ముందర ఫ్యాన్స్ గొడవ మాదిరే తేలుతుంది. గొంతు పెద్దదైనవాడి హీరోనే గెలుస్తాడు. అట్ల కాకుండా ఉండాలంటే ఏం చేయాలో రాస్తున్నా.

ముందు ప్రశ్నను బిగించు. "ఎవరు గెలుస్తారు" అంటే చాలదు. ఓడకు ఓడా, లేక స్టార్ వార్స్‌లోని మొత్తం సామ్రాజ్యానికి స్టార్ ట్రెక్‌లోని మొత్తం ఫెడరేషనా? ఎదుటివాడి ఆయుధాల సంగతి ముందే తెలుసా, తెలియదా? ఏ కాలం? స్టార్ ట్రెక్‌లో కెప్టెన్ కిర్క్ నాటి ఎంటర్‌ప్రైజ్ ఓడ వేరు, తర్వాతి కెప్టెన్ పికార్డ్ నాటిది వేరు. ఈ మూడూ బోర్డు మీద రాసి రెండు జట్ల చేతా ఒప్పించాకే మొదలుపెట్టు. మధ్యలో మార్చనీకు.

తర్వాత సాక్ష్యం. తెర మీద కనబడిందానికి మొదటి విలువ, పాత్ర నోట వచ్చిన మాటకు రెండోది, నవలలకూ టెక్నికల్ మాన్యువళ్లకూ ఆ తర్వాతే. స్టార్ వార్స్ పాత నవలల్నీ కామిక్సుల్నీ 2014 ఏప్రిల్‌లో సొంతదారులే 'లెజెండ్స్' అని పక్కన పెట్టేశారు. పిల్లలు పట్టుకొచ్చే భారీ అంకెలు చాలావరకు ఆ పక్కన పెట్టిన పుస్తకాల్లోవే. చదవనివ్వు, మార్కులు మాత్రం వేయకు. వార్‌హామర్ 40,000 అనే ఆటలోని లోకాన్ని తెస్తామని ఎవడో ఒకడు లేస్తాడు. అందులో కథ చెప్పేదే సామ్రాజ్యపు భజనపరులు, కాబట్టి వాళ్ల గొప్పల్లో సగం కోసేసి తీసుకో.

ఇప్పుడు లెక్క. బలానికి ఒకే ఒక సంఘటన ఎంచుకుని చివరిదాకా చేసి చూపించు, పది సంఘటనలు పైపైన వద్దు. 1977 నాటి స్టార్ వార్స్ సినిమాలో సామ్రాజ్యపు ఆయుధం డెత్ స్టార్ ఆల్డరాన్ గ్రహాన్ని పేల్చేస్తుంది. అది భూమంత గ్రహమనుకో. ముక్కలు మళ్లీ ఒకచోట చేరకుండా విడగొట్టాలంటే గురుత్వ బంధన శక్తి మొత్తం పోయాలి. సూత్రం 3GM²/5R (G గురుత్వ స్థిరాంకం, M గ్రహం ద్రవ్యరాశి, R వ్యాసార్ధం). భూమి అంకెలు వేస్తే సుమారు 2.2 × 10³² జౌళ్లు వస్తుంది. సూర్యుడు దాదాపు వారం రోజుల్లో వెదజల్లే శక్తి అది. తెర మీద ముక్కలు అంతకంటే వేగంగా ఎగిరిపోతాయి కాబట్టి ఇది కనీసపు అంకె.

ఇటు స్టార్ ట్రెక్ వైపు పికార్డ్ ఎంటర్‌ప్రైజ్ ఎంత శక్తి పుట్టిస్తుందో 1992లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో ఆ ఓడలోని రోబో అధికారి డేటాయే చెబుతాడు, 12.75 బిలియన్ గిగావాట్లని. అంటే 1.275 × 10¹⁹ వాట్లు. దీంతో పైదాన్ని భాగించు. ఆ ఓడ ఐదున్నర లక్షల ఏళ్లు నడిస్తే గానీ ఆల్డరాన్ మీద ఖర్చైనంత శక్తి రాదు. ఇక్కడ హాలు హోరెత్తిపోతుంది. ఆగమను. డెత్ స్టార్ ఒక చిన్న ఉపగ్రహమంత ఉండే ఆయుధం, ఉన్నది ఒక్కటే, దాని ప్రాణం రెండు మీటర్ల వెడల్పు గొట్టం నోట్లో ఉంది. మొత్తం బలం ఒక్కచోట పోగేసినవాడి చిక్కు అది. ఓడకు ఓడ పోటీలో ఈ అంకెను వాడనీకు.

వేగం దగ్గర ఇంకా జాగ్రత్త. స్టార్ ట్రెక్‌లో వాయేజర్ సీరియల్ 1995లో 70,000 కాంతి సంవత్సరాల దూరానికి 75 ఏళ్లు పడుతుందని మొదలవుతుంది. అంటే కాంతికి 930 రెట్లు. బాగానే ఉంది. కానీ 2001లో వచ్చిన ఎంటర్‌ప్రైజ్ సీరియల్ మొదటి ఎపిసోడ్ చూడు. నెప్ట్యూన్‌కు పోయి రావడానికి ఆరు నిమిషాలంటారు. నెప్ట్యూన్‌కు కాంతి వెళ్లి రావడానికి ఎనిమిది గంటల పైన పడుతుంది కాబట్టి ఇది 80 రెట్ల పైచిలుకు. అదే ఎపిసోడ్‌లో క్లింగాన్ల గ్రహానికి నాలుగు రోజులే అంటారు. ఆ వేగంతో నాలుగు రోజులు పోతే ఒక కాంతి సంవత్సరం కూడా దాటదు. మనకు దగ్గరి నక్షత్రమే 4.24 కాంతి సంవత్సరాలు! రాసేవాళ్లు కథకు ఎంత కావాలో అంత వేగం పెట్టుకుంటారు నాయనా. అందుకే ఒక్క అంకె మీద తీర్పు చెప్పకు, రెండుమూడు చోట్ల ఒకేలా వచ్చిందాన్నే పట్టుకో.

స్టార్ వార్స్‌లో అంకెలు చెప్పరు గానీ గెలాక్సీ అటు చివర నుంచి ఇటు చివరకు కథ నడుస్తుండగానే వచ్చేస్తారు. రోజుకు పది వేల కాంతి సంవత్సరాలనుకున్నా కాంతికి 36 లక్షల రెట్లు. కానీ హైపర్‌స్పేస్‌లోకి, అంటే స్టార్ వార్స్ ఓడలు కాంతిని మించి పోయే దారిలోకి, దూకేముందు లెక్క తప్పితే నక్షత్రం గుండా పోతామని ఆ కథలో ఓడ నడిపే హాన్ సోలోనే అంటాడు. స్టార్ ట్రెక్‌లో కాంతిని మించి పోయే పద్ధతి వార్ప్; వార్ప్‌లో ఉన్న ఓడ ఎదుట ఏముందో చూస్తూ, మలుపు తిరుగుతూ, కాలుస్తూ పోగలదు. ఈ తేడా చెప్పకపోతే పోలిక సగమే. ఫస్టియర్ పిల్లలకు దూరాలు అందకపోతే మన జిల్లాలోని శ్రీహరికోటనే వాడుకో. సెకనుకు ఏడున్నర కిలోమీటర్లతో తిరిగే ఉపగ్రహం ఆ దగ్గరి నక్షత్రం దాకా పోవాలంటే సుమారు 1,70,000 ఏళ్లు.

సాక్ష్యం లేనిచోట రెండూ సమానమని పెట్టేయ్. మనిషిని ఇక్కడ మాయం చేసి అక్కడ తేల్చే స్టార్ ట్రెక్ ట్రాన్స్‌పోర్టర్, స్టార్ వార్స్ ఓడ చుట్టూ ఉండే రక్షణ కవచాన్ని (షీల్డును) దాటుతుందా అంటే ఎవరూ చూడలేదు. షీల్డంటే షీల్డే. స్టార్ ట్రెక్‌లో చిటిక వేసి ఏదైనా చేసే 'క్యూ' లాంటి వాళ్లను పోటీకి తేనీకు, అక్కడితో ఆట అయిపోతుంది.

ఏ లోకం మనసును ఎక్కువ లాగుతుందో దానికి వేరే గంట, వేరే చీటీ. బలంతో కలిపితే రెండూ చెడతాయి. ఇయన్ బ్యాంక్స్ నవలల్లోని 'కల్చర్' అనే నాగరికత పైవాటన్నిటినీ ఊదేయగలదు, దాన్ని నడిపేది మనుషులకు అందని యంత్ర మెదళ్లు. అంత బలముంటే ఇక కథేముంది? అందుకే ఆ వరుసలో 1987 నాటి మొదటి నవలను ఆ నాగరికతను ద్వేషించేవాడి వైపు నుంచి చెప్పాడు. డ్యూన్ నవల చూడు, 1965 నాటిది. కంప్యూటర్లు నిషేధం. షీల్డు మీద లేజర్ తుపాకీ పేలిస్తే కాల్చినవాడూ పోవచ్చు. షీల్డు వేగంగా వచ్చేదాన్ని ఆపుతుంది, మెల్లగా దిగే కత్తిని ఆపదు. ఇసుకలో షీల్డు వేస్తే ఇసుక కింది రాక్షస పురుగులొస్తాయి. ఇన్ని కట్టడుల మధ్య నుంచే ఆ రాజకీయం, కత్తి యుద్ధం, మసాలా వ్యాపారం పుట్టాయి. నా ఓటు అటే, బలంలో అది స్టార్ వార్స్ ముందు నిలవకపోయినా. కాబట్టి జట్లను "మీ లోకంలో ఏది కుదరదు? మామూలు మనిషి పొద్దున లేచి ఏం చేస్తాడు?" అని అడుగు. మొదటిదానికి తడబడే జట్టు ఇక్కడ ఓడుతుంది.

జట్టుకు ముగ్గురు, మనిషికి నాలుగు నిమిషాలు, అంకె చెప్పినవాడే బోర్డు మీద భాగహారం చేసి చూపాలి. లెక్కలు సరిచూడ్డానికి ఫిజిక్స్ మేడమ్‌ను పిలువు. ఆమె సినిమాలు చూసి ఉండకపోతే మరీ మంచిది. చీటీలు వాదనకు ముందొకసారి, తర్వాతొకసారి వేయించు. ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయని కాదు, ఎన్ని మారాయో లెక్కపెట్టి ప్రైజు ఇవ్వు.

ఇట్లు,
మీ పెదనాయన