పత్తి కట్టె బూడిదతో బయోడీజిల్ చేస్తే ముద్ద కడుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది పరకాల దగ్గర. పత్తి కట్టె బూడిదను ఉత్ప్రేరకంగా వేసి, హోటల్ల వాడేసిన నూనె, మిథనాల్‌తోటి బయోడీజిల్ చేసి చూసిన. రెండుసార్లు సర్వపిండి ముద్దలెక్క అయింది. బూడిదల పస లేదని రెట్టింపు వేస్తే ఇంకింత చిక్కబడ్డది. మందుల షాపాయన కాస్టిక్ సోడా కలుపుమన్నడు. ఇంకా రెండు ట్రాక్టర్ల కట్టె జనవరి నుంచి చేను గట్టున ఉంది. ఏం చేయాలె?

జవాబు: బూడిదలో పస ఉంది కాబట్టే ముద్దయింది. చెడింది నూనె. మిర్చీలు వేగీ వేగీ నల్లబడిన నూనెలో విడి కొవ్వు ఆమ్లాలు, తడి రెండూ చేరతాయి. బూడిదలోని పొటాషియం కార్బొనేట్ క్షారం. ఆ ఆమ్లాలతో కలిస్తే వచ్చేది సబ్బు. కాస్టిక్ సోడా కూడా పోస్తే ఇక బట్టలుతుక్కోవచ్చు. పురుగుమందులమ్మే ఆయన్ని నూనె గురించి అడగడమేంటండీ? ఏ జబ్బు చెప్పినా ఆయన అరలో ఉన్న డబ్బానే మందు.

ముందు నూనెను పరీక్షించండి. దగ్గర్లోని ఇంటర్ కాలేజీ కెమిస్ట్రీ సార్‌ను అడిగితే పది నిమిషాల పని. 1 మి.లీ. నూనెను 10 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కరిగించి, రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే సూచిక) వేయాలి. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 1 గ్రాము కాస్టిక్ సోడా కలిపిన ద్రావణాన్ని, గులాబీ రంగు నిలిచేదాకా సిరంజితో చుక్కచుక్కగా వదలాలి. 2 మి.లీ. దాటిందా, ఆ నూనెకు బూడిద వద్దు. దాటకపోతే నూనెను 110 డిగ్రీల దగ్గర చిటపటలు ఆగేదాకా కాచి చల్లార్చండి.

కుప్పలో కాలిన బూడిదలో నల్ల బొగ్గు మిగులుతుంది. దాన్ని కొలిమిలో 600–700 డిగ్రీల వద్ద తెల్లబడేదాకా కాల్చి, గాలి తగలని డబ్బాలో పెట్టాలి. మిల్లు ఊక బూడిద తేకండి, అది దాదాపు సిలికానే, క్షారం అంతగా ఉండదు. 100 మి.లీ. నూనెకు 25 మి.లీ. మిథనాల్ చాలు. వేడి 60 డిగ్రీలు దాటొద్దు, మిథనాల్ 65 దగ్గరే మరుగుతుంది. దాని ఆవిరి అంటుకుంటుంది, కడుపులోకి పోతే చూపు పోతుంది. ఇంట్లో, పొయ్యి దగ్గర అసలు వద్దు. వచ్చిన దాన్ని పంపు ఇంజన్‌లో పోయకండి. బూడిదలోంచి దిగిన పొటాషియం ఇంజెక్టర్‌ను పాడుచేస్తుంది.

ఇవన్నీ అలా ఉంచండి. నన్ను భయపెట్టింది గట్టు మీది ఆ కట్టె. అందులో విచ్చుకోని కాయలుంటాయి, వాటిలో గులాబీ రంగు పురుగు నిద్రలో ఉంటుంది. తొలకరి పడగానే రెక్కల పురుగై మీ చేన్లోకీ, పక్కోళ్ల చేన్లోకీ దిగుతుంది. అప్పుడు మళ్లీ అదే షాపుకు పోయి డబ్బా మీద డబ్బా కొంటారు. క్వింటా కట్టె కాలిస్తే ఐదారు కిలోల బూడిద కూడా రాదు, మీ ప్రయోగానికి అందులో పిడికెడు చాలు. కాయలున్న కొమ్మల్ని ఏరి వాటినే బూడిద చేయండి. మిగతాది మే నెల దాటకముందే ష్రెడ్డర్‌తో ముక్కలు చేయించి రోటవేటర్‌తో నేలలో కలపండి. కాల్చేస్తే అందులోని నత్రజని గాల్లో కలిసిపోతుంది.

ఈసారి పత్తి పెడితే 45వ రోజుకల్లా ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగుల్ని పట్టేవి) కట్టండి. వరుసగా 3 రాత్రులు బుట్టకు 8 రెక్కల పురుగుల చొప్పున పడితేనే మందు గురించి ఆలోచించండి. అంతవరకు మందు కొట్టే పంపు భుజానికెత్తకండి.