ఏ కాలు ముందు పడింది?

చిరంజీవికి,

నీ కథ అందింది. రావులపాలెం కుర్రాడు, వాడి డాబర్‌మాన్, కాకినాడ డాగ్ షో. ఎత్తుగడ బాగుంది. కానీ మూడు చోట్ల "రాజసంగా నడిచింది" అని రాసి చేతులు దులిపేసుకున్నావు. రింగులో జడ్జి రాజసం చూడడురా, కాళ్ళు చూస్తాడు.

ట్రాట్‌లో, అంటే షోలో కుక్కని నడిపించే జోరు నడకలో, ఎడమ ముందుకాలూ కుడి వెనకకాలూ జంటగా లేస్తాయి, ఆ తర్వాత రెండో జంట. ఒకే వైపు కాళ్ళు రెండూ కలిసి కదిలితే అది పేసింగ్. ఒళ్ళు అటూ ఇటూ ఊగుతుంది. పక్కనున్న మనిషి మరీ నెమ్మదిగా నడిచినా, కుక్క అలిసిపోయినా ఆ నడకలోకి దిగిపోతుంది. అప్పుడు ఆపి, మళ్ళీ కాస్త జోరుగా బయల్దేరాలి. ఈ తేడా కుర్రాడి కంటబడిన రోజే నీ కథకి ఆయువుపట్టు. నువ్వేమో "వీడియోలు చూసి నేర్చుకున్నాడు" అని దాటేశావు. తాడు పట్టుకుని పరిగెత్తేవాడికి పక్కనున్న కుక్క కాళ్ళు కనబడవు కదా! అంచేత తాడు వాడి చెల్లెలి చేతికియ్యి. కోతలయ్యాక ఖాళీగా పడున్న కళ్ళంలో ఆ పిల్ల నడిపిస్తుంటే, వీడు పక్కన గొంతుక్కూర్చుని చూడాలి. ఆ పేజీ నింపాదిగా రాయి.

తాడు బిగించి మెడ పైకి లాగితే ముందుకాళ్ళ అంగ చెడుతుంది. కాబట్టి షోనాడు వాడి భయమంతా ఎడమ పిడికిట్లో పెట్టు. "కంగారుపడ్డాడు" అనే మాట కొట్టేయొచ్చు.

జడ్జి సంగతి. కుక్క దూరంగా వెళ్తుంటే వెనకకాళ్ళు, ఎదురుగా వస్తుంటే ముందుకాళ్ళు, చుట్టూ తిరుగుతుంటే అంగ ఎంత సాగుతోందో చూస్తాడు. వేగం పెరిగేకొద్దీ పాదాలు ఒంటి కింద మధ్య గీతవైపు దగ్గరవుతాయి, అది సహజం. నీ జడ్జి దాన్నే తప్పుపట్టి కుక్కని పక్కన పెట్టేశాడు! తెలిసినవాడు చదివితే అక్కడే కథ మూసేస్తాడు.

నాలుగు నెలల కుక్కపిల్లని తారురోడ్డు మీద బైకు పక్కన పరిగెత్తించావు. ఎముకలు ముదరని వయసు, కీళ్ళు పాడవుతాయి. పైగా మే నెల మధ్యాహ్నం! కుక్క రొప్పుతూ ఒళ్ళు చల్లబరుచుకుంటుంది, మన కోనసీమ ఉక్కలో ఆ రొప్పు సరిగా పనిచెయ్యదు. బైకు పరుగు తీసేసి, మామూలు నడకగా తెల్లారగట్లకి మార్చు.

కొబ్బరిచెట్లకీ కాలువకీ ఒకటిన్నర పేజీ ఇచ్చావు. మనవైపు కథ రాసే ప్రతివాడూ ఇస్తాడు, నేనూ ఇచ్చాను. నాలుగు వాక్యాలుంచు. గట్టు మీద నడిపించే ముక్క మాత్రం తియ్యకు: కుక్క ఎడమవైపు, కాలువా ఎడమవైపే, నీళ్ళలో బాతులు. దాని చూపు అటు, కాళ్ళు ఇటు. అది నువ్వు చూసి రాసిందని తెలుస్తోంది.

దుబాయ్ మేనమామ దేనికో నాకు అర్థం కాలేదు. తిరగరాసేటప్పుడు తీసేసి చూడు. ఉండి తీరాలనిపిస్తే ఎందుకో ఉత్తరం రాయి.

ఆశీస్సులతో