గైడు ఉద్యోగమని తీసిపారేయకండి

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. బీఈడీ చేసి టీచర్ అవుతుందనుకున్నాం. ఇప్పుడేమో ఎకో టూరిజం అంటోంది. ఏడాది డిప్లొమా చేస్తే ఉద్యోగం గ్యారంటీ అని ఒక ప్రైవేటు సంస్థ చెబుతోంది. టూరిజం ఎంబీఏ మేలా, వైల్డ్‌లైఫ్ ఎమ్మెస్సీ మేలా? చివరికి గైడు ఉద్యోగమే వస్తే నలుగురికీ ఏమని చెప్పుకోవాలి?
- ఒక తల్లి, నాయుడుపేట

జవాబు: అమ్మా, కోర్సులను పోల్చి చెప్పమన్నారు గానీ, మీ బెంగంతా ఆఖరి వాక్యంలోనే ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. జీతం గురించి అడుగుతూనే పరువు గురించి భయపడతారు. ముందు ఆ సంగతే చూద్దాం.

మీకు దగ్గర్లోనే నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రం ఉంది. ఎప్పుడైనా వెళ్లారా? సూళ్లూరుపేట ఫ్లెమింగో ఫెస్టివల్ రోజున జనంలో పడి చూసి రావడం లెక్కలోకి రాదు. చలికాలంలో అక్కడి చెరువు నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) పిల్లల్ని పెంచుతాయి. తల్లి పులికాట్ సరస్సు నుంచి చేపలు మింగి వచ్చి వాలగానే, పిల్ల దాని ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చేస్తుంది. బైనాక్యులర్‌లో మొదటిసారి చూసేవారికి, పెద్దపక్షి పిల్లను మింగేస్తోందేమోనని గుండె గుభేలుమంటుంది. అది మేత తినిపించడమని, ఈ గూడబాతులు సైబీరియా నుంచి రావని, మన దేశపు పక్షులేనని చెప్పడానికి పక్కన తెలిసిన మనిషి ఉండాలి. ఆ మనిషినే గైడు అంటాం. జువాలజీ చదివిన మీ అమ్మాయి ఆ పాఠం తరగతి గదిలో చెబితే గౌరవం, చెరువు గట్టున చెబితే చిన్నతనమా? కోపగించుకోకండి, ఆ మాట పిల్ల ముందు ఇంకోసారి అనకండి.

నాకు అనుమానమంతా ఆ డిప్లొమా మీదే. అడవి అంచున నాలుగు గదులు కట్టి, గోడ మీద పులి బొమ్మ వేయించినవారు కూడా ఎకో టూరిజం అనే పేరు పెట్టుకుంటున్నారు. ఇలాంటి కోర్సే చేసిన ఒక అమ్మాయి ఏడాది తర్వాత నా దగ్గరకు వచ్చింది. ఆ ఏడాదంతా రిసార్టు కౌంటర్లో గదుల తాళాలు అందించిందట. అడవిలోకి వెళ్లింది రెండేసార్లు, అదీ అతిథుల భోజనం డబ్బాలు మోసుకుని. అసలు ఎకో టూరిజం అంటే రాబడి ఆ ఊరివారికి చేరాలి, పని వారికి దొరకాలి. నల్లమలలో జంతువు జాడ చూసి ఎటు వెళ్లిందో చెప్పగల చెంచు యువకుడి ముందు ఏడాది డిప్లొమా ఏ మూలకు? గత ఏడాది చదివినవారు ఇప్పుడెక్కడ, ఏ పనిలో ఉన్నారో ఆ సంస్థను అడగండి. వారితో మీరే ఫోనులో మాట్లాడండి. ఫోను నంబర్లు ఇవ్వడానికి నసిగితే అక్కడితో వదిలేయండి.

మీరు అడిగిన రెండింటిలో వైల్డ్‌లైఫ్ ఎమ్మెస్సీకి డెహ్రాడూన్‌లో 1982లో ఏర్పాటైన వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా పేరున్న చోటు. సీట్లు తక్కువ. తర్వాతి ఉద్యోగాలు చాలావరకు ప్రాజెక్టు గడువు ఉన్నంతవరకే, అందుకు మీరూ సిద్ధపడాలి. టూరిజం ఎంబీఏకైతే కేంద్ర ప్రభుత్వ సంస్థ మీ పక్కనే నెల్లూరులో ఉంది. ఉద్యోగం త్వరగా రావచ్చు గానీ, అందులో పక్షుల కన్నా ప్యాకేజీలే ఎక్కువ. మీ అమ్మాయికి ఏది నచ్చుతుందో ఉత్తరం చూసి నేను చెప్పలేను. జువాలజీ డిగ్రీతో ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కూ రాయవచ్చు, బీఈడీ చేయాలనుకుంటే ఆ దారీ మూసుకుపోదు. ఆడపిల్ల అడవిలో ఒంటరిగా తిరుగుతుందని బెంగ వద్దు. క్షేత్ర పరిశోధన సాధారణంగా బృందంగా చేసే పని.

వచ్చే చలికాలం వారానికోసారి ఆమెను నేలపట్టుకు పంపండి. ఎన్ని గూళ్లున్నాయి, ఎన్నింటిలో పిల్లలున్నాయి, నోటుపుస్తకంలో రాసుకోమనండి. నాలుగో వారం మీరూ వెంట వెళ్లి, ఆమె చెబుతుంటే వినండి. డిప్లొమా ఫీజు అప్పటిదాకా బ్యాంకులోనే ఉండనివ్వండి.