పాత స్ప్లెండర్‌కి ఇ20 పెట్రోల్: జెట్ సంగతి చివర

చిరంజీవి సుధీర్‌కు పెదనాన్న ఆశీస్సులు.

మీ నాన్న 2008 స్ప్లెండర్‌ని ఇ20 పెట్రోల్‌కి, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కి, సిద్ధం చేయాలనుకుంటున్నానని, ఏ నంబరు జెట్ కొనాలని అడిగావు. జెట్ అంటే గాలిలో పెట్రోల్ కలిపే కార్బురేటర్‌లో పెట్రోల్‌ను కొలిచి వదిలే సన్న రంధ్రపు ముక్క, దాని సంగతి చివర చూద్దాం. ముందు ట్యాంకు, తర్వాత రబ్బర్లు, ఆపైనే కార్బురేటర్. ఈ వరస తప్పితే కొత్త జెట్‌లోకి పాత తుప్పు వచ్చి కూర్చుంటుంది. బండి మిస్సింగ్ కొడుతుంది. నువ్వేమో నంబరు తప్పిందనుకుని ఇంకో జెట్ కొంటావు.

ఇథనాల్ ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న జిగురును కరిగించి పైకి లేపుతుంది. పైగా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. నీళ్లు కొద్దిగా ఉంటే పెట్రోల్‌లో కలిసిపోయి ఇంజిన్‌లో ఆవిరై పోతాయి. మోతాదు మించితే మాత్రం ఇథనాల్ పెట్రోల్‌ను వదిలేసి నీళ్లతో జతకట్టి అడుగుకు దిగిపోతుంది. మెయిన్‌లో ఉన్నంతసేపూ కాక్ (పెట్రోల్ కుళాయి) కాస్త పైనుంచి తీసుకుంటుంది కాబట్టి బండి బాగానే పోతుంది. రిజర్వు తిప్పగానే ఆగిపోతుంది, అడుగున చేరిన నీళ్లన్నీ దాని గొంతులోకే వెళ్తాయి మరి.

ట్యాంకు దించి, పెట్రోల్ ఆరుబయట వంచెయ్యి. కాక్, గేజ్ ఫ్లోట్ (పెట్రోల్ మట్టం చూపే తేలే గుండు) విప్పి ఆ రంధ్రాలు మూసెయ్యి. సబ్బునీళ్లతో రెండుసార్లు కడిగి, గుప్పెడు నట్లు వేసి బాగా ఊపు. నట్లు లెక్కపెట్టి వేయి, లెక్కపెట్టి తీయి. తర్వాత కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, లీటరు వేడినీళ్లకు 100 గ్రాముల చొప్పున, అంటే పది లీటర్ల ట్యాంకుకు కిలో. నిండా పోసి ఒక రాత్రి ఉంచు. మూత బిగించకు, లోపల గ్యాస్ పుడుతుంది. బాత్రూమ్ యాసిడ్ జోలికి పోవద్దు, అది తుప్పుతోపాటు మంచి రేకునూ తినేస్తుంది. పొద్దున్నే వంపేసి, వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, మళ్లీ మంచినీళ్లతో కడిగి వెంటనే గాలి కొట్టి ఆరబెట్టు. ఆలస్యం చేస్తే అరగంటలో మళ్లీ ఎర్రబడుతుంది. ఆరగానే అర లీటరు పెట్రోల్‌లో కాస్త 2టీ (టూ-స్ట్రోక్) ఇంజిన్ ఆయిల్ కలిపి లోపలంతా తిప్పి పారబొయ్యి. మూత కింది వాషర్ మార్చు. మూత చుట్టూ పడిన వాననీరు పోయే సన్న రంధ్రం ఉంటే పిన్నుతో పొడిచి చూడు. చాలా బళ్లలో నీళ్లు దిగేది అది పూడుకుపోవడం వల్లే.

ఇక రబ్బర్లు. పెట్రోల్ పైపు, కాక్ లోపలి వాషర్, కార్బురేటర్‌లో పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నె ఓ-రింగు, ఆ గిన్నె నిండగానే పెట్రోల్‌ను ఆపే ఫ్లోట్ నీడిల్ కొస. పాత రబ్బరు ఇథనాల్‌లో ఉబ్బుతుంది, తర్వాత ఎండి పగులుతుంది. నీడిల్ కొస ఉబ్బితే పెట్రోల్ అందదు, పగిలితే కార్బురేటర్ పొంగుతుంది. ఇథనాల్‌ను తట్టుకునే విటాన్ రబ్బరువి అడిగి తీసుకో. షాపువాడి మాట నమ్మాలనిపించకపోతే, కొత్త పైపులో అంగుళం ముక్క కోసి కొలిచి, ఇ20 పెట్రోల్ ఉన్న సీసాలో మూడు రోజులు ఉంచి మళ్లీ కొలువు. ఉబ్బినా, వేలికి నలుపు అంటినా అది పనికిరాదు. చిన్న ఫిల్టర్ ఒకటి పైపు మధ్యలో పెట్టు, మొదటి రెండు మూడు ట్యాంకుల తర్వాత దాన్ని మార్చెయ్యి. మిగిలిన చెత్తంతా అప్పుడే వస్తుంది.

ఇప్పుడు కార్బురేటర్ లెక్క. కిలో మామూలు పెట్రోల్ పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇ20కి 13.5 చాలు. అంటే అదే గాలికి ఇంధనం బరువులో దాదాపు 9 శాతం, లీటర్ల కొలతలో ఇంచుమించు 7 శాతం ఎక్కువ పడాలి. జెట్ రంధ్రం వైశాల్యం 7 శాతం పెరగాలంటే వ్యాసం మూడున్నర శాతం పెరిగితే చాలు. నంబరు మిల్లీమీటరులో నూరో వంతు లెక్కన ఉండే జెట్ అయితే 100కి బదులు 102, మహా అయితే 105. కొందరు ఏకంగా 120 పెట్టేస్తారు, అంటే వైశాల్యం 44 శాతం పెంచినట్టు. నల్లపొగ రాక ఏమవుతుంది? కొన్ని కంపెనీల జెట్లలో నంబరు వ్యాసం కాదు, ప్రవాహం. అందుకే పాతది ఏ కంపెనీదో అదే కంపెనీది కొను.

అయితే మెయిన్ జెట్, అంటే ఇప్పుడు లెక్కవేసిన జెట్, మార్చక్కర్లేకుండానే చాలా బళ్లు సర్దుకుంటాయి. ఇంజిన్ బాగా వేడెక్కాక ముందు పైలట్ స్క్రూ, అంటే స్లోలో పెట్రోల్-గాలి పాళ్లు సర్దే స్క్రూ, పట్టుకో. మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో రాసుకో, మళ్లీ అక్కడికే తెచ్చి పావు చుట్టు చొప్పున పెట్రోల్ పెంచు. స్క్రూ ఇంజిన్ వైపు ఉంటే బయటికి తిప్పితే పెట్రోల్ పెరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే లోపలికి తిప్పాలి. ఇది తెలియక తిప్పేవాళ్లే ఎక్కువ. స్లోలో ఇంజిన్ చప్పుడు ఎక్కడ హెచ్చుగా, నిలకడగా ఉందో అక్కడ ఆపు. యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు సైలెన్సర్ టపటపమంటే పైలట్‌లో ఇంకా తక్కువ పడుతున్నట్టు.

సగం యాక్సిలరేటర్‌లో బండి తడబడితే యాక్సిలరేటర్‌తో పాటు లేచే జెట్ నీడిల్ (ఫ్లోట్ నీడిల్ కాదు) క్లిప్పును ఒక గాడి కిందికి దించు, నీడిల్ పైకి లేస్తుంది. ఒకటే గాడి ఉంటే క్లిప్పు కింద అర మిల్లీమీటరు వాషర్ వేయి. ఇవి రెండూ అయ్యాక కూడా నిండు యాక్సిలరేటర్‌లో ఊపు లేకపోతేనే మెయిన్ జెట్. ఒక్కసారికి ఒక్కటే మార్చు. ఖాళీ రోడ్డు మీద కిలోమీటరు నిండుగా లాగి, క్లచ్ పట్టి, ఇంజిన్ ఆపి ప్లగ్గు చూడు. ఇథనాల్‌తో ప్లగ్గు మామూలుగానే కాస్త తెల్లగా కనిపిస్తుంది, పాత గోధుమరంగు కోసం వెతుక్కుంటూ పెట్రోల్ పెంచుకుంటూ పోకు. సున్నంలా తెల్లబడి, ఇంజిన్ మరీ వేడెక్కితేనే తక్కువ పడుతున్నట్టు లెక్క.

బంకులో పోసింది నిజంగా ఎంతో తెలుసుకోవాలంటే గీతలున్న గాజు గొట్టంలో 20 మిల్లీలీటర్ల నీళ్లు, 80 పెట్రోల్ పోసి ఊపి పది నిమిషాలు వదిలెయ్యి. అడుగు పొర 36 దాకా పెరిగితే సరిగ్గా ఇ20, 28 దగ్గర ఆగితే 10 శాతమే. ఆ పెట్రోల్ మళ్లీ ట్యాంకులో పోసేవు!

మైలేజీ తగ్గుతుంది. ఇథనాల్ లీటరులో శక్తి పెట్రోల్ కన్నా మూడోవంతు తక్కువ. నీతి ఆయోగ్ 2021 నివేదిక పాత ద్విచక్రవాహనాలకు 3–4 శాతం తగ్గుతుందని అంది. 60 ఇచ్చే బండి 58 ఇస్తే కంగారుపడకు. 48కి పడిపోతే ఇథనాల్‌ను తిట్టకు, బ్రేకులు పట్టేస్తున్నాయేమో, చోక్ పూర్తిగా వెనక్కి రావట్లేదేమో చూడు.

ఇ85 (85 శాతం దాకా ఇథనాల్) ఆలోచన మాత్రం మానుకో. దానికి ఇంధనం దాదాపు 40 శాతం ఎక్కువ పడాలి, లోపలి లోహాలు తట్టుకోవాలి. ఆ పనికి ఇది తగిన బండి కాదు. బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఒప్పుకోదు. ఇంట్లో శానిటైజరో, స్పిరిటో కలిపి చూద్దామనుకోకు, వాటిలో ఉన్న నీళ్లే బండిని ఆపేస్తాయి.

నెలకు మించి ఊరెళ్తే ట్యాంకు నిండా పోసి, కాక్ కట్టేసి, ఫ్లోట్ గిన్నె అడుగు స్క్రూ విప్పి ఖాళీ చేసి వెళ్లు. విప్పిన పాత జెట్‌ను చిన్న కవర్లో వేసి, నంబరు రాసి, టూల్ డబ్బాలో ఉంచు.

ఇట్లు
మీ పెదనాన్న