ఆ మాట ఎవరిదో పక్కనే రాసుకో

తమ్ముడూ,

నీ మెయిల్, ఫోటోలు అందాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయిందని అందరూ రాస్తారు. అంతకుముందు మీ గోదావరి లంకల్లో జనం ఎలా బతికారో రాస్తానంటున్నావు, నాకు చాలా సంతోషంగా ఉంది.

రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో నువ్వు తీసిన ఫోటోలు నలభై పైనే ఉన్నాయి. ఒక్క పుస్తకానికీ అట్ట ఫోటో లేదు. 1833 నాటి కరువు గురించిన పేజీలో అయితే నీ బొటనవేలు సరిగ్గా పేజీ నంబరు మీదే పడింది. ఆరు నెలల తర్వాత ఆ వాక్యం కావాలంటే ఎక్కడని వెతుకుతావు?

ఒకసారి 1986 వరద మీద వ్యాసం రాస్తూ, నోటుబుక్కులో ఉన్న ఒక పేరా నాదే అనుకుని అచ్చుకి ఇచ్చేశాను. అది నేను ఎప్పుడో ఒక పుస్తకంలోంచి ఎత్తి రాసుకున్నది. ఆ రచయితే ఫోన్ చేశారు. కోప్పడలేదు, "నా వాక్యం బాగుందా అండీ" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే నిన్ను జోటెరో (Zotero) పెట్టుకోమంటున్నాను. చదివిన పుస్తకాల వివరాలు, నోట్సు ఒకచోట దాచుకునే సాఫ్ట్‌వేరు అది. 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో మొదలైంది, ఉచితం. పీడీఎఫ్ అందులోనే తెరిచి వాక్యానికి రంగు వేస్తే, దాన్ని రచయిత పేరు, పేజీ నంబరుతో సహా నోట్‌లోకి తెచ్చుకోవచ్చు. మన పాత పుస్తకాల స్కాన్లు చాలావరకు ఉత్త బొమ్మలే, వాక్యానికి రంగు వెయ్యడం కుదరదు. అప్పుడు ఆ పేరా చుట్టూ గడి గీసి బొమ్మగానే దాచుకో. స్కాన్‌లో 37వ పేజీ అచ్చులో 21 కావచ్చు, అచ్చులో ఉన్న నంబరే వేసుకో. జోటెరోలో పేరుకీ ఇంటిపేరుకీ వేరువేరు గడులుంటాయి, రచయిత ఇంటిపేరు ఏ గడిలో పడిందో కూడా చూడు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం కదా, తరచూ తారుమారవుతుంది.

వాళ్ల వాక్యాన్ని ఎప్పుడూ కొటేషన్లలో పెట్టు. నీకు తోచింది కింద "నేను" అని రాసి, విడిగా రాసుకో. ఈ పని ఏ సాఫ్ట్‌వేరూ నీ బదులు చెయ్యదు. మీ తాతగారు చెప్పిన సంగతులకీ అంతే: ఎవరు, ఏ ఊళ్లో, ఏ రోజు చెప్పారో రాయి.

ఈసారి రాజమండ్రి వెళ్లినప్పుడు ఆ కరువు పేజీ మళ్లీ తియ్యి. ముందు అట్ట, ఆ తర్వాతే లోపలి పేజీ. రెండూ నాకు పంపు.

మీ అన్నయ్య